కుక్క బొమ్మకు టీకా తాత్పర్యం

కుక్క నోటికన్న గొప్పదై యుండుట,
గోట నొత్తినంత గుంటపడుట,
గాలి యాడునట్టి కన్నాలు రెండును
గలుగు బొమ్మ కొనుము కరుణతోడ.

అవతారిక: కవిగారింట్లో 34 కిలోల లాబ్రడార్ ఉంది. అది సోఫా మూలను, రెండు జతల్లోని ఎడమ చెప్పులను, సగం టీవీ రిమోట్‌ను ఆరగించింది. అప్పుడాయన, లోపల తిండి పెడితే దొర్లించి, నాకి, రాబట్టుకునే బొమ్మ ఒకటి తెచ్చాడు. అది పదకొండు నిమిషాలు నిలిచింది. పూర్వం శోకం శ్లోకమైంది. ఇక్కడ ఆటవెలది అయింది.

ప్రతిపదార్థం: కుక్క నోటికన్న = శునకము యొక్క దవడల వెడల్పుకంటె; గొప్పదై యుండుట = పెద్దదగుటయు; గోట = బొటనవ్రేలి గోటితో; ఒత్తినంత = నొక్కినంతనే; గుంటపడుట = కొంచెము లొట్టపడుటయు; గాలి యాడునట్టి = వాయుసంచారమునకు తగిన; కన్నాలు రెండును = రంధ్రద్వయమును; కలుగు = కలిగినట్టి; బొమ్మ = ఆటవస్తువును; కొనుము = క్రయము చేయుము; కరుణతోడ = దయతో.

తాత్పర్యం: సులభం.

వ్యాఖ్య: 'గొప్పదై' అన్నది కొలతకే, ఖరీదుకు కాదు. చిన్న బంతి పెద్ద కుక్క గొంతులో ఇరుక్కుంటే నిమిషాల్లో ఊపిరాడదు. చొంగతో జారే బంతి మన వేళ్లకు చిక్కదు. కాబట్టి కోరలు దాటి లోపలికి పోని సైజు కావాలి. కుక్క రెండు సైజుల మధ్య ఉంటే పెద్దదే తీసుకోవాలి.

'గుంటపడుట' ఈ పద్యానికి ప్రాణం. ఎంత గట్టిదైతే అంత మన్నుతుందని పూర్వవ్యాఖ్యాతల (అనగా దుకాణదారుల) మతం. అది పూర్వపక్షం. కుక్కకు 42 పళ్లు. పై దవడలో నాలుగో అగ్రచర్వణకం కత్తెరలా పనిచేస్తుంది. జింకకొమ్ము, గిట్ట, ఎముక, గట్టి నైలాన్ కొరికినప్పుడు పెచ్చు లేచిపోయేది తరచు అదే. పన్ను విరగ్గొట్టి తాను మిగిలిన బొమ్మను మన్నికైనదని ఎలా అంటాం? గోటికి లొంగాలి, పంటికి లొంగకూడదు. సాగే దళసరి రబ్బరు ఈ రెండూ చేస్తుంది. 1970లలో అమెరికాలోని కొలరాడోలో ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ రాళ్లు కొరికి పళ్లు అరగదీసుకునేది. యజమాని జో మార్కమ్ తన ఫోక్స్‌వ్యాగన్ బండి సస్పెన్షన్‌లోని రబ్బరు ముక్క విసిరితే రాళ్లు మరిచి దాన్ని పట్టుకుంది. కాంగ్ అనే రబ్బరు బొమ్మ పుట్టుక అది. అందులో ఎర్రది మామూలుగా నమిలేవాటికి, నల్లది విధ్వంసకులకు. టెన్నిస్ బంతి మెత్తనిదే కదా అనకండి. దాని నూగులో చేరిన ఇసుక ఆకురాయి.

'కన్నాలు రెండును' అన్నచోట ఒక దుకాణపు ప్రతిలో 'కన్నమొక్కటియును' అని పాఠాంతరం. ఛందస్సుకు సరిపోతుంది, నాలుకకు సరిపోదు. ఒకటే కన్నమైతే నాకేకొద్దీ లోపలి గాలి తగ్గి నాలుక పట్టేస్తుంది, వాచిపోతుంది. రెండోది చిన్నదైనా చాలు.

లోపల ఏం పెట్టాలో కవి చెప్పలేదు. ఆటవెలదిలో చోటు చాలక కాబోలు. పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే చాలాసేపు వస్తుంది. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, చాక్లెట్ విషం. పీనట్ బటర్ అయితే డబ్బా మీద జైలిటాల్ అనే తీపిపదార్థం లేదని చూసుకోవాలి, అదీ విషమే. లోపల పెట్టినంత గిన్నెలో తగ్గించాలి.

'కరుణతోడ' పాదపూరణమేనని కొందరు. కాదు. కొత్త బొమ్మ ఇచ్చిన రోజు పక్కనే కూర్చుని చూడడం, ముక్క ఊడిన క్షణం ఎంత పెట్టి కొన్నా చెత్తబుట్టలో వేయడం అని అర్థం. మింగిన రబ్బరు పేగుకు అడ్డుపడితే కోసి తీయాల్సి వస్తుంది.

అలంకారం స్వభావోక్తి. తక్కిన సగం రిమోట్ ఇంకా దొరకలేదు.