నా పేరు టాక్రోలిమస్

1984లో జపాన్‌లోని సుకుబా మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నా పుట్టిల్లు. గుండె మార్పిడి తర్వాత వేసే మందును నేను. గుండె మార్పిడి నాకంటే ముందే పుట్టింది. 1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో సర్జన్ బర్నార్డ్ ఒక మనిషి గుండెను మరో మనిషికి తొలిసారి అమర్చారు. మూడు రోజులకే బ్రూక్లిన్‌లో కాంట్రోవిట్జ్ అనే సర్జన్ ఓ పసికందుకు గుండె మార్చితే, ఆ బిడ్డ కొన్ని గంటలే బతికాడు. తర్వాత కొన్నేళ్లకే చాలా ఆస్పత్రులు ఈ ప్రయత్నం మానుకున్నాయి. కుట్టడం వచ్చినా, కొత్త గుండెను పరాయిదనుకుని శరీరం చేసే దాడిని సరిగా ఆపడం అప్పటికి తెలియదు. 1980లలో సైక్లోస్పోరిన్ అనే మందు, ఆ వెనక నేను వచ్చాకే పిల్లల్లో ఈ చికిత్స నిలదొక్కుకుంది. అందుకే నా మాట ఇది: గుండె మార్చేది సర్జన్, దాన్ని నిలబెట్టేది ఆ తర్వాతి రోజువారీ సంరక్షణ.

నా పని ఆ దాడి చేసే టి కణాలను అదుపులో పెట్టడం. రక్తంలో నేను తగ్గితే అవి గుండె మీద పడతాయి. ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి, చేతులు వణుకుతాయి, షుగరు రావచ్చు, అంటురోగాలు సులువుగా సోకుతాయి. అందుకే సాధారణంగా పన్నెండు గంటలకోసారి వేళ తప్పకుండా వేయాలి, ఉదయం మాత్రకు ముందు రక్తం తీసి నా మట్టం చూడాలి. బిడ్డ ఎదిగినా, విరేచనాలు పట్టుకున్నా, మరో మందు తోడైనా నా లెక్క మారిపోతుంది. ఇంత కీడు చేసే మందు జీవితాంతం ఎందుకని అడుగుతారు. ఆ కీడు నిజమే, దాచను. కానీ దాన్ని పరీక్షలతో కనిపెట్టి మోతాదు సర్దవచ్చు. శరీరం చేసే దాడి, అంటే తిరస్కరణ, ముదిరితే గుండే పోతుంది, ఇంకో గుండె దొరకడం అరుదు.

బిడ్డ హాయిగా ఆడుకుంటుంటే ఇంకా మందెందుకన్నది మరో ప్రశ్న. మార్పిడిలో గుండె నరాలు తెగిపోతాయి. అందువల్ల రక్తనాళాలు పూడుకుపోతున్నా ఛాతీనొప్పి తెలియకపోవచ్చు. హాయిగా కనిపించినా మందు ఆపవద్దనేది, ఎకో, బయాప్సీ, యాంజియోగ్రామ్ చేయించమనేది అందుకే. అసలు గండం కౌమారం. ఆ వయసులో మాత్రలు మానేసే పిల్లలను మొండివాళ్లని తిడతారు. కానీ నాతోపాటు వేసే స్టెరాయిడ్లతో ఉబ్బిన ముఖం, తోటివారిలో వేరుగా కనిపిస్తానన్న బెరుకు, అమ్మ మోసిన బాధ్యత ఒక్కసారిగా మీద పడటం: వీటిలో ఏదీ తిట్లతో తీరేది కాదు. చిన్నప్పటి నుంచే మందు పేరు, వేళ నేర్పి బాధ్యతను కొద్దికొద్దిగా అప్పగించాలి. మాత్ర తప్పితే భయపడకుండా చెప్పే చనువివ్వాలి. ఊరికి దగ్గరలో రక్తపరీక్ష, ఎడతెగకుండా మందు, పిల్లల మనసెరిగిన కౌన్సెలర్ దొరికేలా ప్రభుత్వాలు చూడాలి. దాత కుటుంబం కడుపుకోతలోనూ ఇచ్చిన గుండెకు ఆపరేషన్ ఖర్చు మాత్రమే భరించి, నా ఖర్చును కన్నవాళ్లకే వదిలేస్తే అది సగం వైద్యమే.