నిరాడంబరంగా బతకడం ఎలా? ఖర్చుకు వెనకాడని వారికి కొన్ని సలహాలు

నిరాడంబర జీవితం మొదలుపెట్టే ముందు బ్యాంకుకు వెళ్లి పర్సనల్ లోన్ సంగతి కనుక్కోండి. చేతిలో డబ్బు లేకుండా సాదాగా బతికితే దాన్ని లోకం పేదరికం అంటుంది. ఈ తేడా తెలియని జనం ఎందరో పైసా ఖర్చు లేకుండా, ఒక్క ఫొటో కూడా దిగకుండా నిరాడంబరంగా బతికేస్తున్నారు. వాళ్ల దారిన పోవద్దు.

ముందు ఇల్లు ఖాళీ చేయాలి. సోఫా, టీవీ, షోకేసు తీయించేసి తెల్లగోడ, ఒక చాప, ఒక మట్టికుండ మిగల్చండి. తీసిన సామాను పారేయకండి, తొందరపాటవుతుంది. పక్క ఫ్లాటు అద్దెకు తీసుకుని అందులో సర్దండి. ఇక వంటిల్లు. అంచున మీ అమ్మ పేరు, పెళ్లి తేదీ చుక్కలు చుక్కలుగా చెక్కిన స్టీలు గిన్నెలుంటాయి. వాటిని పాతసామాన్లవాడికి వేసి ఇత్తడి, కంచు కొనుక్కోండి. ఆ స్టీలు కోసమే ఒకప్పుడు నాయనమ్మ ఇత్తడి బిందెలు తూకానికి పోయాయని ఎవరైనా గుర్తుచేస్తే నవ్వి ఊరుకోండి. ఇత్తడిని చింతపండుతో తోమాలి. తోమేది మీరు కాదు కాబట్టి ఇబ్బంది లేదు.

తిండి దగ్గర రాజీ పడకండి. కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమన్నాక వీటి హోదా ఇంకా పెరిగింది. వరి అన్నం పండక్కి తప్ప ఎరగని ఇళ్లలో ఒకప్పుడు ఇవే గతి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇస్తే వాళ్లు హమ్మయ్య అనుకున్నారు. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ గిన్నెలోకి తొంగిచూసి, “ఇది మా నాయనమ్మ తినేదమ్మా, బియ్యం కొనలేక” అనవచ్చు. వెంటనే పీచుపదార్థం గురించి చెప్పడం మొదలుపెట్టండి.

బట్టల్లో పొందూరు ఖాదీకి సాటి లేదు. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్లో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో సన్నటి నూలు వడికి నేస్తారు. ఒక్క జత చాలనుకోకండి, వారానికి ఏడు ఉండాలి. నూలు వడికే ఆడవాళ్లకు రోజుకు ఏం గిడుతుందో మాత్రం అడగకండి. అడిగితే చొక్కా ఒంటికి గుచ్చుకుంటుంది.

ఆదర్శానికి పుచ్చలపల్లి సుందరయ్య గారున్నారు. సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్లిన మనిషి. అయితే వారసత్వంగా వచ్చిన ఆస్తి కమ్యూనిస్టు పార్టీకి ఇచ్చేశారు. అంతదూరం వెళ్లనక్కర్లేదు, సైకిల్ దగ్గర ఆగండి. హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో సైకిల్ ట్రాక్ వేశారు. అక్కడిదాకా సైకిల్‌ను కారు వెనక కట్టుకుని వెళ్లవచ్చు. ఫామ్‌హౌస్ గురించి నేను చెప్పేదేముంది, ఈపాటికి కొనే ఉంటారు.

చివరగా అమ్మాయి పెళ్లి. ఆడంబరాలొద్దని గట్టిగా చెప్పండి. ఈవెంట్ మేనేజర్‌ను పిలిచి తాటాకు పందిరి, ఎడ్లబండి, అరిటాకు భోజనం మాట్లాడుకోండి. ఫంక్షన్ హాలు కంటే ఎక్కువే అవుతుంది, బేరమాడకండి. పల్లెలో ఉన్న పెదనాన్న వాళ్లను పిలవకపోతే ఇంకా సాదాగా ఉంటుంది, పైగా వాళ్లకు ఆ పందిరి కొత్తేమీ కాదు. శుభలేఖ మీద “కానుకలు స్వీకరించబడవు” అని పెద్దక్షరాల్లో వేయించండి. క్యూఆర్ కోడ్ వెనకవైపు.