చదివి తిట్టిన కాలం

మా రోజుల్లో ఒక పుస్తకాన్ని బూతు అని తిట్టాలంటే ముందు దాన్ని చదవాల్సొచ్చేది. నవ్వకండి. చలంగారి 'మైదానం' 1927 నాటిది. డెబ్భైల్లో మేం ఢిల్లీ జనక్‌పురి డీడీఏ ఫ్లాట్లలో చేరేనాటికి కూడా అది న్యూస్‌పేపరు అట్ట తొడుక్కునే ఇల్లిల్లూ తిరిగేది. ఆడపిల్లల కంట పడనీయకండి అని కేకలేసిన పెద్దమనిషికే ఏ పేజీలో ఏముందో కంఠతా వచ్చు.

అంతకు ముందు తరం వాళ్ళు ఇంకా ఘటికులు. 1893లో మద్రాసు సంఘసంస్కర్తలు, భోగం మేళాలు పెట్టే విందులకు వెళ్ళకండి బాబూ అని వైస్రాయికీ, గవర్నరుకీ అర్జీ పెట్టారు. అలాంటి కచేరీలు మేమూ చూశాం, అందులో మాకేం తప్పు కనబడలేదు అని దొరలు చేతులు దులిపేసుకున్నారు! మనవైపు ఈ భోగం మేళాల వ్యతిరేక (యాంటీ నాచ్) ఉద్యమానికి రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు, కందుకూరి వీరేశలింగం పంతులుగారు పెద్దదిక్కు. గురజాడవారు ఆ గాలిని దగ్గరగా చూసినవారు కనుకే 'కన్యాశుల్కం'లో యాంటీ నాచ్ సౌజన్యారావు పంతులు ఇంటికి వేశ్య మధురవాణినే నడిపించారు.

అక్కడితో ఆగితే బాగుండేది. మేళాల మీది కోపం పుస్తకాల మీదికి పాకింది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ఉన్న దేవదాసి ముద్దుపళని 'రాధికా సాంత్వనం' అనే శృంగార కావ్యం రాసింది. 1887లో దాన్ని అచ్చువేసిన పైడిపాటి వెంకటనరసుగారు కొన్ని పద్యాలు ఎగరగొట్టారు, ఆవిడ తన వంశాన్ని ఆడవాళ్ళ వరుసలో చెప్పుకున్న పీఠికనూ ఎగరగొట్టారు. శృంగారం సంగతి సరే, పీఠిక ఏం పాపం చేసిందో! ఇక వీరేశలింగంగారు 'ఆంధ్ర కవుల చరిత్ర'లో ఆ కవయిత్రిని వేశ్య అనీ, ఆడదాని నోట రాకూడని మాటలు రాసిందనీ దులిపేశారు. వితంతు వివాహాలు చేయించిన మనిషి ఆయన, ఆ గౌరవం ఎక్కడికీ పోదు. కానీ ఈ పేజీ దగ్గర మాత్రం నాకు ఆయనతో పేచీయే.

జవాబు చెప్పింది బెంగళూరు నాగరత్నమ్మ. తానూ దేవదాసీయే. తాళపత్ర ప్రతి సంపాదించి, పోయిన పద్యాలు తిరిగి చేర్చి, 1910లో వావిళ్ళవారి చేత పూర్తి కావ్యం అచ్చువేయించింది. పీఠికలో పంతులుగారిని సూటిగానే నిలదీసింది. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు లేదా? మీరే పరిష్కరించి, బాగుందని పంపిన 'వైజయంతీ విలాసం'లో ఉన్నదేమిటి? అది విద్యార్థులకు పాఠ్యపుస్తకం కూడా అయింది కదా? పేరు పెట్టి, పుస్తకం చూపించి అడిగింది. తగవంటే అలా ఉండాలండీ.

1911లో పోలీసులొచ్చి ప్రతులు పట్టుకుపోయారు. వావిళ్ళవారు పండితుల్ని కూడగట్టి ప్రభుత్వంతో పోరాడారు, ఫలితం లేకపోయింది. టంగుటూరి ప్రకాశంగారు మద్రాసు ప్రధానిగా ఉండగా 1947లో గానీ నిషేధం తొలగలేదు. వావిళ్ళవారు 1952లో మళ్ళీ వేశారు. ముప్ఫయ్యారేళ్ళ నిషేధాన్ని నేను మెచ్చుకోవడం లేదు. కొట్టిన చేతికీ, దెబ్బకాచిన చేతికీ ఆ పుస్తకం తెలుసు, అదీ నేననేది.

ఇప్పుడో? 2011లో ఢిల్లీ యూనివర్సిటీ బీఏ చరిత్ర పాఠాల్లోంచి పలు రామాయణాల మీద ఎ.కె. రామానుజన్ రాసిన వ్యాసం తీసేసింది. నలుగురు నిపుణుల్లో ముగ్గురు ఉంచమన్నారు, అయినా తీసేసింది. 2014లో పెంగ్విన్ వాళ్ళు హిందువుల చరిత్ర మీద వెండీ డానిగర్ రాసిన పుస్తకంపై కోర్టు తీర్పు రాకముందే రాజీపడి వెనక్కి తీసుకున్నారు. వావిళ్ళవారి దగ్గర వీళ్ళ డబ్బులో వందో వంతైనా ఉండేదా?

మొన్న పార్కులో వాకింగ్ చేస్తుంటే తెలిసినవాళ్ళ కుర్రాడొకడు ఫోను చేతికిచ్చాడు. "తాతగారూ, ఈ నవల నిషేధించాలి, ఇక్కడ నొక్కండి."

"ఏముందిరా అందులో?"

"మనోభావాలు దెబ్బతిన్నాయి తాతగారూ, గ్రూపులో వచ్చింది."

"చదివావా?"

"అంత టైమెక్కడిది?"

పైగా వాడికి తెలుగు చదవడం రాదు. ఎవరి మీదనో ఎందుకు, మా ఇంట్లో మనవలకూ రాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు పెట్టిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ స్కూలు ఇక్కడ జనక్‌పురిలోనే ఉంది, అయినా 'అ ఆ'లు దాటనివాళ్ళు ఇంటికొకరు. ఆ దుర్గాబాయిగారూ సంస్కర్తే మరి. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు పన్నెండేళ్ళైనా నిండని పిల్లగా ఉండి, దేవదాసీలు ఆయన మాట వినాలని పట్టుబట్టి సభ పెట్టించింది. పుస్తకం చించే సంస్కర్తా ఉంటాడు, మనుషుల దగ్గరికి నడిచి వెళ్ళే సంస్కర్తా ఉంటాడు.

ఇప్పుడు 'రాధికా సాంత్వనం' మీద నిషేధమేమీ లేదు. ఏ పోలీసూ రాడు. మన ఇళ్ళల్లో అది తీసి చదవగలిగేవాళ్ళే లేకపోయాక పోలీసుకి పనేముంది? కాబట్టి మీకు తెలుగు వస్తే ఒక ప్రతి తెప్పించుకోండి, పీఠికతో సహా చదవండి. నచ్చకపోతే తిట్టండి, పద్యం నెంబరు వేసి మరీ తిట్టండి.