‘సవరించబడింది’: టీకా తాత్పర్యాలు

అవతారిక: మ్యాచ్ ముగిసిన మర్నాడు ఒక జోస్యుడు తన పోస్టును మిత్రబృందానికి చూపి, “టైమ్‌స్టాంప్ రుజువు కూడా ఉంది” అని మీసం మెలివేయుట సందర్భము.

మూలం: “రేపు హైదరాబాదుదే గెలుపు. – సవరించబడింది”

ప్రతిపదార్థం: రేపు = నిన్న అని కొందరు; హైదరాబాదుదే = ‘చెన్నైదే’ అని పాఠాంతరం; సవరించబడింది = ఈ మాట ఒక్కటే యాప్‌ది, తక్కినదంతా కర్తది.

టీక: రుజువు పోస్టుకు పడదు, దాని హ్యాష్‌కు పడుతుంది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే హ్యాష్ పద్ధతి ఎంత పాఠాన్నైనా 256 బిట్ల సంఖ్యగా కుదిస్తుంది. చుక్క మారినా సంఖ్య గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఇలాంటి హ్యాష్‌లను గొలుసుగా అల్లితే నడుమ తేదీలు దిద్దలేరని 1991లో స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా చూపారు. 1995 నుంచి వారి ష్యూరిటీ సంస్థ వారం వారం ఒక హ్యాష్‌ను న్యూయార్క్ టైమ్స్‌లో చిన్న ప్రకటనగా వేయించింది. ఇళ్లకు చేరిపోయిన పేపర్లను వెనక్కి తెప్పించి దిద్దేదెవరు? ఇప్పుడు ఓపెన్‌టైమ్‌స్టాంప్స్ అనే సేవ ఆ పనిని బిట్‌కాయిన్ బ్లాకులతో చేయిస్తోంది.

కనుక పోస్టు దిద్దితే పాత రుజువు అబద్ధం కాదు. అది పాత అక్షరాలకే సాక్షి. ఆ అక్షరాలను యాప్ పారేస్తే సాక్షి మిగిలినా చెప్పడానికేమీ ఉండదు. సోషల్ నెట్‌వర్క్ మాస్టొడాన్ 2022లో సవరణ తెచ్చినప్పుడు పాత పాఠాలనూ చూపింది. నోస్టర్ అనే సోషల్ ప్రోటోకాల్‌లో పోస్టు గుర్తింపు సంఖ్యే హ్యాష్, దిద్దితే అది వేరే పోస్టు. అయితే అక్కడ వేళ వేసుకునేది రాసినవారే! అందుకే బయటి ముద్ర కావాలి.

విశేషం: ‘హై’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక సంకేతంగానూ రాయవచ్చు, రెండుగానూ రాయవచ్చు. కంటికి ఒకటే. హ్యాష్‌కు రెండు.

పూర్వపక్షం: దిద్దని పోస్టునైనా నమ్మవచ్చు కదా? తొందరొద్దు. ఈ పాఠం ఫలానా వేళకే ఉందన్నంతవరకే ముద్ర చెబుతుంది. ఘటికుడు రెండు జట్లకూ చెరో జోస్యం రాసి, రెండింటికీ ముద్ర వేయించి, తప్పినదాన్ని చెరిపేస్తాడు. క్రిప్టోగ్రఫీకి ఇందులో దోషమేదీ కనబడదు.

తాత్పర్యం: రుజువు ఉందా అని గాక, ఏ పాఠానికి ఉంది అని అడగవలెను. ప్రస్తుత జోస్యుడిది చెన్నై పాఠానికి ఉంది. హైదరాబాదు పాఠపు ముద్ర మ్యాచ్ ముగిసిన తర్వాతది.