తలక్రిందుల లోకమును గూర్చి తలకొక మాట

కథ బాగుండలేదని చెప్పుటయందు మనుష్యునకు గల ఉత్సాహములో సగమైనను బాగున్నదని చెప్పుటయందు ఉండియుండినచో, నిజామాబాదు జిల్లా మాక్లూరులో మొన్నటి జనవరి మాసము అంత సందడిగా గడచియుండెడిది కాదు. పసుపు చేలు త్రవ్వకమునకు వచ్చి, ఆకుకోత ముగిసి, కూలీలకొరకు ఊళ్లకు ఊళ్లే పోటీపడు దినములలో, మా వాడకట్టులోని యువకులును, వారిని చూచి పౌరుషము తెచ్చుకొన్న కొందరు వృద్ధులును, అమెరికాలో ఇండియానా రాష్ట్రమందలి హాకిన్స్ అను ఊరి మంచిచెడ్డలను గూర్చి చీలిపోయి వాదించుకొనిరి. ఆ హాకిన్స్ భూపటమున లేదు. డఫర్ సోదరులను కవలలు దానిని కల్పించినారు. ఉన్న ఊరి మురుగుకాలువ విషయమున ఏనాడును కూడని పంచాయతీ, లేని ఊరి విషయమున రోజుకు రెండు పూటల కూడినది.

తెలియనివారికై చెప్పవలెనన్న, 'స్ట్రేంజర్ థింగ్స్' అను ఆ ధారావాహిక మొదటి భాగము 2016 జులై 15న నెట్‌ఫ్లిక్స్‌లో వెలువడినది. 1983 నవంబరులో ఒక రాత్రి సైకిలుపై ఇల్లు చేరుచున్న బాలుడొకడు అదృశ్యుడగుటయు, ప్రభుత్వ ప్రయోగశాలనుండి తప్పించుకొన్నదియు, పేరునకు మారుగా పదకొండను సంఖ్య గలదియు నగు బాలిక కేవల మనోబలముచేత వస్తువులను కదల్చుటయు, మన లోకమునకు అడుగున మరియొక లోకము తలక్రిందులుగా వ్రేలాడుచుండుటయు అందలి మూలకథ. తెలుగు మాటలతో గూడ లభించుచున్నందున ఇది మా ఇంటిలో ఇంగ్లీషు వచ్చినవారి సొత్తుగా నిలువలేదు. మా పెద్దబాపు సంవత్సరము విన్నవెంటనే తన ధోరణిలో తీర్పు చెప్పినాడు: "ఎనభై మూడుల మన కాడ ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయిండు, వాళ్ల కాడ గోడలకెల్లి దయ్యమొచ్చింది. ఎవరి రాత వాళ్లది."

ఆయన విమర్శనాశక్తిని నేను తక్కువగా అంచనా వేయను. ఆ మొదటి భాగమున, తప్పిపోయిన బాలుని తల్లి గోడనిండ రంగురంగుల దీపములు వ్రేలాడదీసి, వాని క్రింద అక్షరములు వ్రాసి, అవి మినుకుమినుకుమన్న వరుసనుబట్టి కనబడని కొడుకుతో మాటాడు ఘట్టమొకటి కలదు. దేశదేశములవారు కంట తడిపెట్టిన ఆ ఘట్టమును ఆద్యంతము కన్నార్పక చూచి ఆయన యన్నది ఇది: "మా బాయికాడ బుగ్గ ముప్పై ఏండ్ల సంది గిట్లనే మినుకుమంటున్నది. ఎవ్వడు పిలుస్తుండో ఎన్నడు ఎరుకపడకపాయె. లైన్‌మన్‌ను అడిగితె ఫేజు పోయిందన్నడు." నిత్యానుభవమునకు అంగుళము దూరమున నిలిచినప్పుడే శాస్త్రకల్పన మనలను భయపెట్టుననియు, దూరము పెరిగినకొలది ఆ భయము చప్పబడుననియు నేను పుస్తకములలో వెదకి తెలిసికొన్న సంగతిని, ఆయన బాయికాడి బుగ్గనుండి సంపాదించినాడు. చివరి భాగమునకు వచ్చునప్పటికి ఆ గోడమీది దీపములు పోయి, తలక్రిందుల లోకము నిజమునకు లోకమే కాదనియు, మరియొక దూరలోకమునకు వేసిన వంతెన వంటిదనియు పాత్రలు సుదీర్ఘముగా వివరింపసాగినవి. పెద్దబాపు ఆ వివరణ నడుమనే లేచి బఱ్ఱెలకు గడ్డి వేయబోయినాడు.

నాలుగవ భాగపు కడపటి ప్రకరణములు 2022 జులై 1న వచ్చినవి. అయిదవ భాగము మన గడియారము ప్రకారము 2025 నవంబరు 27 ఉదయమునగాని మొదలుకాలేదు. ఈ రెంటి నడుమ మాక్లూరులో మూడు పసుపు పంటలు ఇల్లు చేరినవి. కథలో మాత్రము 1986 వసంతమునుండి 1987 శరత్తు వరకు, ఏడాదిన్నర మాత్రమే గడచినది. కాలమునకు కథకుల ఆజ్ఞ చెల్లదు గనుక, బాలురుగా మొదలైన నటులు నూనూగు మీసములు దాటి వివాహయోగ్యులైనారు. మొదటి భాగము చూచునాటికి ఇచ్చటి బడిలో చదువుచుండిన మా మేనల్లుడు, డిగ్రీ ముగించి, ఆర్మూరులో కొన్నాళ్లు, హైదరాబాదులో కొన్నాళ్లు ఉద్యోగము వెదకి, తుదకు ఈ జిల్లా యువకుల ఆనవాయితీ ప్రకారము దుబాయి చేరినాడు. తెరమీది పిల్లలు ఇంకను సైకిళ్లమీదనే తిరుగుచుండుట చూచి మా అక్క, "ఆ పొల్లగాండ్లకు గడ్డాలొచ్చినయి, ఇంట్ల ఒక్క బండి కొనియ్యరాదురా?" అని ఆ తల్లిదండ్రులను గట్టిగా తప్పుపట్టినది. నటుల వయస్సును గూర్చి అమెరికా పత్రికలు వ్రాసిన వ్యాసములకన్న ఈ ప్రశ్న సూటియైనది.

అయిదవ భాగమునందలి ఎనిమిది ప్రకరణములను ఒక్కసారి ఇయ్యక, మొదట నాలుగును, డిసెంబరు 26న మూడును, జనవరి 1న కడపటి ఒక్కటియు విడిచిరి. ఆ ఒక్కటి రెండు గంటలకు పైబడినది. నూతన సంవత్సర దినమున ఉదయము ఆరున్నరకు అది వెలువడుననగా, మోటారు వేయుటకు లేపినను ఎన్నడును లేవని మా తమ్ముని కొడుకు ఆరింటికే ముఖము కడుగుకొని కూర్చుండెను. వాని తల్లి, కొడుకునకు బుద్ధి వచ్చినదని సంతసించి టీ యిచ్చినది. తొమ్మిది గంటలు కాకమునుపే వాడు ముఖము ముడుచుకొని బయటకు వచ్చెను. దుబాయినుండి మేనల్లుని ఫోను వచ్చుటయు, వీరిరువురును పోయినవారికై పరామర్శించుకొన్నట్లు మందస్వరమున మాటాడుకొనుటయు విని, ఆమె ఎవరికేమి కీడు మూడినదో యని గాబరాపడినది.

సంక్రాంతి దాటి, ముందుగా త్రవ్విన చేని పసుపు ఉడికించునప్పటికి ఆ పరామర్శ బహిరంగ విచారణగా మారినది. బాయిలరునుండి ఆవిరి డ్రమ్ములలోనికి బుసకొట్టుచు పోవుచుండగా, గోనెసంచికి ఆనించిన ఫోనులో ఆ కడపటి ప్రకరణము మరల ఆడుచుండెను. ఒకడు పుల్లతో దుంపను గుచ్చి ఉడికినదో లేదో చూచును. అదే చేతితో ఫోనుమీద వ్రేలు రాచి కథను వెనుకకు జరుపును. ఎందరు వ్రేళ్లు రాచిరో గాని, తెరయంతయు పచ్చని చారలు కట్టి, బూడిదయు నీలమును గలిసిన రంగులో ఉండవలసిన ఆ భీకరలోకము పెండ్లిపందిరివలె కళకళలాడుచుండెను. అందులో రాక్షసుడు సైతము మంగళస్నానమునకు వచ్చినవానివలె కనబడెను. ఇది మాక్లూరులో తప్ప మరెక్కడను ప్రదర్శింపబడని రంగుల ప్రతి యని నా నమ్మకము.

వారి అభ్యంతరములు అల్పములు కావు. మొదటి భాగమున నోరు పుష్పమువలె విచ్చుకొను మృగమొక్కటే ఊరినంతటిని గడగడలాడించెను గదా. తీరా కథానాయకబృందము తుదిపోరునకై వాని స్వస్థలమునకే పోయినప్పుడు ఆ జాతిది ఒక్కటియు ఎదురుపడలేదు. "సొంతూరికి పోతె ఒక్కటి గూడ కనబడదేంది? అన్ని దుబాయి పోయినయా?" అని మా తమ్ముని కొడుకు అనగా, ఆవలినుండి ఫోనులో మేనల్లుడు నవ్వినాడు, కొంచెము ఆలస్యముగా నవ్వినాడు. అయితే వాని కోపమునకు కారణము వేరు. ఆ పదకొండవ సంఖ్య బాలిక తుదకు మరణించినదో, జీవించియున్నదో కథకులు తేల్చలేదు. ఆమె మిత్రుడు ఆమె బ్రతికియున్నట్లు ఒక కథ అల్లి చెప్పును, మిత్రులు నమ్మినామందురు, అంతటితో సరి. "సచ్చిందా బతికిందా అని మమ్మల్నే తేల్చుకోమంటడా మామా? తేల్చుకునేటోళ్లమైతె గిన్నేండ్లు ఎందుకు సూస్తం?" అని వాడు నన్ను నిలదీసినాడు, ఆ కథను నేనే వ్రాసినట్లు. నావరకు ఆ సందిగ్ధమే ఆ ప్రకరణమునకు అలంకారము. ఈ మాట వానితో అన్నాను. అటుపిమ్మట వాడు రెండు దినములు నాతో మాటాడలేదు.

అక్క మాత్రము అందరు ఏడ్చినచోటనెల్ల ఏడ్చి, బాగున్నదని ఒక్క మాట చెప్పి, అంతటితో పసుపు ఏరుకొనబోయినది. బాగున్నదన్నవారి యొద్ద వాదమునకు సరకుండదు. లోపములెన్నువారైతే ఆ ప్రకరణమును మూడేసిసార్లు చూచిరి. ఒక్కొక్క లోపమును నిమిషముతోసహా చెప్పగలరు. ఇంత శ్రద్ధగా చూచినవారిని అభిమానులని గాక మరేమని పిలువవలెనో నాకు తోచదు. వారి బాధకు మూలము కథలో లేదు, ఎడములో ఉన్నది. మూడేండ్లపైచిలుకు కాలము ప్రతివాడును తన ముగింపును తానే కట్టుకొని, దానికి రోజురోజునకు మెరుగు పెట్టుకొన్నాడు. ధర పెరుగునని పసుపును కోల్డ్ స్టోరేజీలో దాచి, మనస్సులో ఒక అంకె వేసికొన్న రైతునకు, నిజామాబాదు యార్డులో ఎంత మంచి ధర పలికినను నష్టపోయినట్లే తోచును. ఆ అంకె ఏ వ్యాపారియు చెప్పినది కాదు.

ఈ వ్యాధి నెట్‌ఫ్లిక్సుతో పుట్టినదని యువకుల అభిప్రాయము. శ్రీరామపట్టాభిషేకముతో ముగిసిన కథకు ఉత్తరకాండమను మరియొక భాగము వచ్చినప్పటినుండియు మనవారు ఈ వాదములోనే ఉన్నారు. రంగనాథ రామాయణమును గోన బుద్ధారెడ్డి యుద్ధకాండతో నిలిపినాడు. ఉత్తరకాండ వ్రాయు భారము ఆయన కుమారులు కాచవిభుడు, విఠలరాజులపై పడినది. మొల్ల అయితే దాని జోలికే పోలేదు. తిక్కన ఒక్క వచనమైనను లేకుండ ఉత్తర రామాయణమునే చేపట్టినాడు. 1963లో 'లవకుశ' వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లు బండ్లు కట్టుకొని పోయి చూచి, సీతను అడవికి పంపినందుకు రాముని తిట్టి, ఆ రాముడు వేసిన రామారావునకు దండము పెట్టి వచ్చినవి. పాత్రను తిట్టుచు నటుని పూజించుట మనకు క్రొత్త కాదు.

చిక్కుముడుల కథలన్నచో మా మేనల్లునకు జర్మనులు తీసిన 'డార్క్' తరువాతనే ఏదైనను. పదునారవ శతాబ్దమున పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను ఎనిమిది ఆశ్వాసములలో నడిపి, ద్వారకపై పోవు విమానములోని సంభాషణగా మొదట జారవిడిచిన రహస్యమును, ఎంతో దూరము పోయినపిమ్మట ఒక పసికందు నోట విప్పించినాడని నేను చెప్పగా, వాడు కొంతసేపు ఊరకుండి, "తెలుగు డబ్బింగు ఉన్నదా?" అని యడిగెను. ఆ కావ్యమును పురస్కరించుకొని కట్టమంచి రామలింగారెడ్డి 1914లో 'కవిత్వతత్త్వవిచారము' వ్రాసి పండితలోకమును కలచినాడు గనుక, ఎనిమిది ప్రకరణములమీద జనులు కలహించుటకు మన భాషలో పూర్వప్రమాణము కూడ దొరికినది.

ఇంక అక్క తరమువారికి ఈ అనుభవము వారపత్రికలద్వారా కలిగినది. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చు దినములలో, అది చేతబడియా, మనశ్శాస్త్రమా యని తేలకయే వారము గడపుటలో గల రుచి ఆమె ఇప్పటికిని చెప్పును. ఆ కథకు కొనసాగింపుగా 'తులసి' వచ్చినప్పుడు కొందరు మొదటిదే మేలనిరి, కొందరు ఇదియే మేలనిరి, మూఢనమ్మకములు పెంచుచున్నాడని మరికొందరు కసరిరి. ఆ ముగ్గురును పత్రిక కొనుట మానలేదు.

విచిత్రమేమనగా మాక్లూరు అంతయు ఏకకంఠమున మెచ్చుకొను రెండవ భాగమొకటి కలదు. అది సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన 'ఆదిత్య 369'కు తరువాయి. కాలయంత్రమెక్కి కృష్ణదేవరాయల కొలువునకు పోయిన ఆ చిత్రము 2025 ఏప్రిలులో మరల విడుదలైనప్పుడు తండ్రులు కొడుకులను వెంటబెట్టుకొని పోయి చూచినారు. దాని రెండవ భాగమును గూర్చి ఎన్నియో యేండ్లుగా మాట వినబడుచునేయున్నది, చిత్రము మాత్రము నేటికిని రాలేదు. అందుచేత దానిలో కథ నడక మందమనువాడు లేడు, ముగింపు తేలిపోయినదనువాడు లేడు, నటునకు వయస్సు మీరినదని పెద్దబాపు సైతము అనలేదు.

హాకిన్స్ కథకు అట్టి అదృష్టము లేదు. ముగింపు నచ్చనివారు దేశదేశములయందును ఒక సిద్ధాంతమును లేవదీసిరి: మనము చూచినది అసలు ముగింపు కాదట, అది రాక్షసుడు కల్పించిన భ్రమయట, నిజమైన తొమ్మిదవ ప్రకరణము జనవరి 7న రహస్యముగా వెలువడునట. గోడమీది గడియారము, పాత్రలు చేతులు కట్టుకొన్న తీరు, పుస్తకముల వరుస, సమస్తమును సాక్ష్యములైనవి. మా తమ్ముని కొడుకు ఆ రాత్రి నిద్రపోలేదు. జనవరి 7 వచ్చినది, ప్రకరణము రాలేదు. రాకపోవుటయే రహస్యము ఎంత లోతైనదో చెప్పుచున్నదని మరునాడు వాడు నాకు బోధించినాడు.

అదే ఊరిని 1985 నాటి చలికాలమున నిలిపి, బొమ్మల రూపమున 'టేల్స్ ఫ్రమ్ 85' అను మరియొక ధారావాహిక తెచ్చెదమని నెట్‌ఫ్లిక్సువారు ప్రకటించిరి. ఈ సంగతి తెలిసి మేనల్లుడు దుబాయినుండి నాకు పంపిన మాట ఇది: "ఇగ దాని జోలికే పోను మామా, నా మీద ఒట్టు. కనీ గది అన్ని ఒక్కపారే ఇడుస్తరా, మళ్ల ముక్కలు ముక్కలు ఇడుస్తరా, జర కనుక్కోరాదు. సెలవు పెట్టుకోవాలె."