పావలా వడ్డీ మీద థీసిస్, రూపాయి వడ్డీకి అప్పు

అడ్మిట్లు వచ్చేశాయి. కొలంబియా వాళ్లు రమ్మన్నారు, జాన్స్ హాప్కిన్స్ వాళ్లు రమ్మన్నారు, లండన్ నుంచి కూడా పిలుపొచ్చింది. ఇక తేలాల్సిందల్లా ప్రపంచ పేదరికాన్ని ఏ ఊళ్లో కూర్చుని నిర్మూలించాలన్నదే. సీటు డిపాజిట్‌కు ఏప్రిల్ 15 గడువు కాబట్టి చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో ఇదే గోల. కొలంబియా వాళ్ల సీపానా, జాన్స్ హాప్కిన్స్ వాళ్ల సైసా? న్యూయార్క్ అయితే ఐక్యరాజ్యసమితి పక్కనే అంటాడు బాబాయి. వాషింగ్టన్ అయితే ప్రపంచ బ్యాంకు పక్కనే అంటుంది పెద్దమ్మ. పక్కన ఉంటే చాలు, వాళ్లే పిలిచి కుర్చీ వేస్తారని నమ్మకం. ఆ లెక్కన హుస్సేన్‌సాగర్ ఒడ్డున మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మేవాళ్లంతా ఈపాటికి సచివాలయంలో సెక్రటరీలు అయిపోయి ఉండాలి.

నిన్నమొన్నటిదాకా ఎంఎస్ అంటే కంప్యూటర్సే అనుకున్న కన్సల్టెన్సీలు కూడా బోర్డు మీద కొత్త వరస రాయించాయి: ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్, ఇంటర్నేషనల్ అఫైర్స్, పబ్లిక్ పాలసీ. గడులు మాత్రం పాతవే. యాంబిషస్, మోడరేట్, సేఫ్. హార్వర్డ్ కెనడీ స్కూలు మొదటి గడిలో, జెనీవా రెండో గడిలో, ససెక్స్ మూడో గడిలో. డెవలప్‌మెంట్ స్టడీస్‌లో క్యూఎస్ ర్యాంకుల ప్రకారం ససెక్స్ ఏళ్ల తరబడి ప్రపంచంలోనే మొదటిది. ఆ సంగతి కౌన్సిలర్‌కు తెలిసినా లాభం లేదు. పెళ్లి సంబంధాల వాళ్లు గుర్తుపట్టని పేరుకు ర్యాంకు ఉంటే ఎంత, లేకపోతే ఎంత.

ఫీజు కట్టకముందే యూనివర్సిటీ పేరున్న హుడీ కొన్నవాళ్లను వదిలేద్దాం. తైవాన్ నుంచి గాజా దాకా అన్నిటి మీదా అభిప్రాయం ఉండి, సొంత మండలానికి ఎంపీడీవో ఎవరో తెలియనివాళ్లనూ క్షమించేద్దాం.

క్షమించడం నా వల్ల కానిది దరఖాస్తుతో పాటు పంపే ఎస్‌ఓపీ వ్యాసాన్ని. చలికాలం మొదలయ్యేసరికి ‘ఒక్కసారి చూసిపెట్టండి అంకుల్’ అంటూ మెయిళ్లు వస్తాయి. లోపల ఏముందో తెరవకుండానే చెప్పగలను. మొదటి వాక్యంలో అమ్మమ్మగారి ఊరు. రెండో వాక్యంలో వేసవి సెలవులు. మూడో వాక్యంలో నెత్తిన బిందెతో ఒక ఆడమనిషి. ఆవిడ పేరు ఎప్పుడూ లక్ష్మమ్మే. పేదవాళ్లకు ఇంకో పేరు పెట్టుకునే హక్కు లేదు కాబోలు. మన అభ్యర్థి ఆవిడ కళ్లలోకి చూస్తాడు. అంతే, ఆ క్షణంలో అతని జీవితం మారిపోతుంది. ఆవిడ జీవితం మారినట్టు మాత్రం ఇంతవరకూ ఏ ఎస్‌ఓపీలోనూ చదవలేదు.

ఈ లక్ష్మమ్మ డ్రాఫ్టు డ్రాఫ్టుకీ నడుస్తూనే ఉంటుంది. మొదటి డ్రాఫ్టులో నీళ్లకు కిలోమీటరు. కన్సల్టెన్సీ వాళ్లు దిద్దాక మూడు. హార్వర్డ్‌కు పంపేదాంట్లో ఐదు. ఒక కుర్రాడు రాసిన ఊరు నాకు తెలిసిందే. మిషన్ భగీరథ కుళాయి ఆవిడ గుమ్మం ముందే ఉంది. ఆ మాటే అంటే, ‘కుళాయి ఉంటే స్టోరీ వీక్ అయిపోతుంది అంకుల్’ అన్నాడు. కుళాయి తీసేశాడు. సర్కారు తవ్వి వేసిన పైపును డిలీట్ బటన్‌తో పీకేసి, నీటి ఎద్దడి నివారణ మీద పైచదువుకు దరఖాస్తు పెట్టాడు. సీటొచ్చింది.

ఇంకోటి గమనించారా? వెయ్యి మాటల్లో లక్ష్మమ్మ ఒక్క మాటా మాట్లాడదు. నడుస్తుంది, దగ్గుతుంది, చూస్తుంది, బోసినవ్వు నవ్వుతుంది. అసలు లక్ష్మమ్మలు అలా ఉంటారా? పొదుపు సంఘం మీటింగుకు వెళ్లి కూర్చోండి. మినిట్స్ పుస్తకం, బ్యాంకు లింకేజీ, ఎవరి కిస్తీ ఆగింది, ఎందుకాగింది, ఎవరింట్లో మొగుడు ఆ డబ్బు తాగేశాడు, అన్నీ నోటి మీదే ఉంటాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించింది ఇలాంటి ఆడవాళ్లే. అక్షరాస్యతా ఉద్యమంలో పలకా బలపం పట్టిన చేతులవి. ఎవరికీ ఎస్‌ఓపీ రాయలేదు, ఏ ఊరి స్కూల్లోనూ డిపాజిట్ కట్టలేదు. మనవాడి కాగితంలో మాత్రం ఆవిడకు సాధికారత రావాలంటే ముందు ఇతను న్యూయార్క్ విమానం ఎక్కాలి.

ఆఖరి పేరా ఇంకా అందంగా ఉంటుంది. చదువు ముగించుకుని స్వదేశానికి తిరిగొచ్చి నా ప్రజలకు సేవ చేస్తాను, అని ప్రతిజ్ఞ. సరేనమ్మా, రెండేళ్లు ఉద్యోగం చేశావు కదా, చీవ్‌నింగ్‌కు పెట్టు, ఖర్చంతా బ్రిటన్ ప్రభుత్వమే భరిస్తుంది, అన్నాను ఒకమ్మాయితో. మొహం మాడ్చుకుంది. చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలన్న షరతుందట. ఫుల్‌బ్రైట్-నెహ్రూకీ అలాంటిదే ఉంది. తిరిగొచ్చి సేవ చేస్తానని తనే సంతకం పెట్టింది. పైసా ఖర్చు లేకుండా చదివిస్తాం, తిరిగి వెళ్లు, అని అవతలివాళ్లంటే అది జైలు శిక్షలా వినబడింది! తిరిగి రానక్కర్లేని చోటికి కోటి రూపాయలు పోసి వెళ్లడానికి మాత్రం ఇంటిల్లిపాదీ సిద్ధం.

కోటి అని మాటవరసకు అనలేదు. సీపాలో ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 60 వేల డాలర్లు దాటుతుంది, రెండేళ్ల కోర్సు. మన్‌హాటన్‌లో అద్దె, తిండి వేరే. తెలంగాణ ప్రభుత్వం అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఇచ్చే 20 లక్షలు అక్కడ మొదటి సెమిస్టరు ఫీజుకే చాలవు. కాబట్టి లక్ష్మమ్మ మనవరాలికే అడ్మిట్ వచ్చినా ఆ పిల్ల ఊరు దాటదు. వెళ్లేది లక్ష్మమ్మను వేసవి సెలవుల్లో చూసినవాడే. వాడికైనా పొలమో ఇల్లో తనఖా పెట్టాలి. 12 శాతం వడ్డీ వేసుకుంటే కోటికి నెలకు లక్ష. మన ఊళ్లలో దాన్ని రూపాయి వడ్డీ అంటారు. సంఘాల ఆడవాళ్లకు 2004లో పావలా వడ్డీ పథకం పెట్టారే, దాని మీద థీసిస్ రాయడానికి మనవాడు రూపాయి వడ్డీకి అప్పు చేసి వెళుతున్నాడు.

అక్కడ చదివేదేమిటో కూడా చూడండి. సూక్ష్మరుణాలు పేదల బతుకులు మార్చేస్తాయా అని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం పరీక్షించింది హైదరాబాద్ బస్తీల్లోనే. అంత మహత్తేమీ లేదని తేల్చిన ఆ పేపరు 2015లో అచ్చయింది. అంతకు ఐదేళ్ల ముందే, 2010లో, ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో అప్పుల వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు పోయి, ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆటోలో వెళ్లి చూడగలిగిన బస్తీని మనవాడు బోస్టన్ వెళ్లి పీడీఎఫ్‌లో చూస్తాడు.

ఇంతా చేసి చేరబోయేది ఎక్కడ? సైస్ 2023లో పెన్సిల్వేనియా అవెన్యూలో కొత్త భవనంలోకి మారింది. అదే వీధిలో, నడిచి వెళ్లేంత దూరంలో, రీగన్ భవనంలో యూఎస్‌ఎయిడ్ ఉండేది. 1961లో కెనడీ పెట్టిన సంస్థ, పదివేల మందికి పైగా సిబ్బంది. 2025 ఫిబ్రవరిలో గోడ మీది పేరు తీసేశారు. ఏళ్ల తరబడి అక్కడే పనిచేసినవాళ్లకు సామాను సర్దుకోవడానికి పదిహేను నిమిషాలిచ్చారు. జులై 1 నాటికి ఆ సంస్థ కథ ముగిసింది. బ్రిటన్ తన సహాయ శాఖను 2020లోనే విదేశాంగ శాఖలో కలిపేసింది. సహాయాన్ని 2027 నాటికి జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 0.3 శాతానికి తగ్గించి, మిగిలింది రక్షణకు పెడతానని 2025లో ప్రకటించింది. మందులు ఆగిపోయిన ఆసుపత్రులు ఆఫ్రికాలో ఉన్నాయి. ఇరవై ఏళ్ల అనుభవం ఉండి పని వెతుక్కుంటున్నవాళ్లు వాషింగ్టన్‌లో ఉన్నారు. వాళ్లందరినీ దాటించి మీవాడికి కుర్చీ వేస్తారని తల్లిదండ్రుల్ని నమ్మించి కమిషన్ పుచ్చుకునేవాడిది మోసం. ఇదంతా తెలిసీ నోరు మెదపకుండా ఫీజు తీసుకునే స్కూలుది చదువుకున్నవాళ్ల మోసం. అంతకంటే మెత్తని మాట నాకు దొరకడం లేదు, వెతకను కూడా.

ఇక ఐక్యరాజ్యసమితి. అక్కడి సచివాలయంలో ఇంటర్న్‌కు జీతం ఉండదు. 2015లో జెనీవాలో అలా పనిచేస్తూ అద్దె భరించలేక సరస్సు ఒడ్డున గుడారం వేసుకున్న న్యూజిలాండ్ కుర్రాడి ఫొటో ప్రపంచమంతా చూసింది. జూనియర్ ప్రొఫెషనల్ ఆఫీసర్ కొలువులకు డబ్బు కట్టే సంపన్న దేశాలు ఎక్కువగా తమ పిల్లలనే పంపుకుంటాయి. పక్కనే ఉంటుందని మురిసిపోయిన బాబాయికి ఎవరైనా ఈ ముక్క చెప్పండి.

లక్ష్మమ్మ మాట్లాడదన్నాను కదా. ఒకసారి మాట్లాడింది. 2001లో అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో ‘ప్రజాతీర్పు’ పేరుతో సేద్యం మీద ఒక విచారణ జరిగింది. సన్నకారు రైతుల జ్యూరీ, అందులో ఎక్కువమంది ఆడవాళ్లే. సర్కారు తరఫువాళ్లూ, శాస్త్రవేత్తలూ, కంపెనీవాళ్లూ చెప్పిందంతా విన్నారు, నిలదీశారు, చివరికి సర్కారు వారి విజన్ 2020 ప్రణాళిక చూపించిన దారి మాకొద్దన్నారు. జన్యుమార్పిడి పంటలు వద్దు, కాంట్రాక్టు సేద్యం వద్దు, మా చేతుల్లో పని లాక్కునే యంత్రాలు వద్దు. దీని వెనక ఉన్న సంస్థల్లో ససెక్స్‌లోని అభివృద్ధి అధ్యయన సంస్థ ఐడీఎస్ ఒకటి. ఆంధ్రప్రదేశ్‌కు అప్పట్లో డబ్బిస్తున్న బ్రిటన్ సహాయ శాఖకు ఆ నివేదిక మింగుడుపడలేదు, అభ్యంతరం పెట్టింది. సన్నకారు రైతులు కూర్చుని తీర్పు చెబితే అక్కడిదాకా ఉలికిపాటు. ససెక్స్‌ను సేఫ్ గడిలో వేసిన కౌన్సిలర్‌కు గానీ, లక్ష్మమ్మ మీద వెయ్యి మాటలు రాసిన అభ్యర్థికి గానీ అల్గోల్ ఎక్కడుందో తెలీదు.

వెళ్లొద్దని నేననను. ఖర్చు వాళ్లు భరిస్తామంటే కళ్లకద్దుకుని వెళ్లండి, ససెక్స్ అయినా సైస్ అయినా. మీ పొలం భరించాల్సి వస్తే మాత్రం డబ్బు పంపేముందు అడ్మిషన్ల ఆఫీసుకు ఒక మెయిల్ రాయండి. 2025లో మీ దగ్గర చదువు ముగించిన భారతీయుల్లో అభివృద్ధి రంగంలో జీతమున్న ఉద్యోగం ఎందరికి వచ్చింది? శాతాలు వద్దు, అంకె చెప్పమనండి. కన్సల్టింగ్ కంపెనీల్లో చేరినవాళ్లను ఆ లెక్కలో కలపొద్దని కూడా రాయండి. జవాబు రాకపోతే కట్టకండి.