మెరుగుకు తరుగెంత?

గోల్‌బజార్‌లో అక్క గాజులు మెరుగు పెట్టించడానికి వెళ్తే మా బావ రెండుసార్లు తూకం వేయిస్తాడు. ఇచ్చేటప్పుడు ఒకసారి, పుచ్చుకునేటప్పుడు ఒకసారి. గోధుమగింజెత్తు తేడా వచ్చిందా, కొట్టువాడి పని అయిపోయినట్టే. "మెరుగెట్టడమంటే అరగదియ్యడమే గదేటి? అరిగిందంతా నీ సొరుగులోకే గదా ఎల్లింది?" అని బజారంతా వినపడేలా నిలదీస్తాడు.

అదే బావ ఆదివారం పొద్దున్నే క్వార్టర్ కిటికీలోంచి వైరు లాగి, పదకొండేళ్ల వెండిరంగు కారు మీద కరెంటు పాలిషింగ్ మిషన్ పెట్టి గంటన్నర సేపు అరగదీస్తాడు. తూకం లేదు, తరుగు లేదు. అరిగినకొద్దీ మురిసిపోతాడు.

మేముండేది ట్రాఫిక్‌లో. కొత్తవాళ్లు కంగారు పడొద్దు, ఖరగ్‌పూర్ రైల్వే పేటల్లో ఒకదాని పేరది. రోడ్డు మీద రద్దీకీ దానికీ చుట్టరికం లేదు. మధ్యాహ్నం పూట మా రోడ్డు మీద ఆవు పడుకుంటే అదే రద్దీ. తాతల నాడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బీఎన్నార్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన ఇళ్లు మావి. ఊరికి చెప్పుకోవడానికి ఒక ప్లాట్‌ఫాం ఉండేది. 1072.5 మీటర్లు, ప్రపంచంలోనే పొడుగు. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేసింది, 2023లో హుబ్బళ్లి 1,507 మీటర్లతో ఆ రెంటినీ దాటేసింది. చెప్పుకునేందుకు ఏమీ మిగలక మావాళ్లు కార్ల తళతళ మీద పడ్డారని నా అనుమానం.

ఆ మిషన్ వచ్చిన రోజు చూడాలి సంబరం. డబ్బా మీద ఇంగ్లీషుంది, చైనా రాతలున్నాయి, తెలుగు మాత్రం లేదు. 2020 డిసెంబరులో బెంగాల్ కేబినెట్ తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది గానీ ఆ కబురు డబ్బా అచ్చేసినవాడి దాకా వెళ్లినట్టు లేదు. అయినా చదివేదెవరు? ఫోన్లో ఒక కుర్రాడు పన్నెండు నిమిషాల్లో అంతా నేర్పేశాడు. రంగుకు "పోషణ" కావాలట, మిషన్‌తో రుద్దితే పెయింటుకు ప్రాణం లేచొస్తుందట. చంటిబిడ్డకు నూనె పెట్టి నలుగు పెడితే ఒళ్లు తేరుతుందని మా అమ్మ చెప్పిన నమ్మకంతోనే చెప్పాడు. విశ్వకర్మ పూజ నాడు బావ ఆ మిషన్‌కు బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాడు. వర్క్‌షాప్‌లో లేత్ మిషన్లకు దక్కే మర్యాద దానికీ దక్కింది.

ఇక ఆ పోషణ సంగతి. కారు రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన గాజులాంటి క్లియర్ కోటు ఉంటాయి. అన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోటు వాటా యాభైకి అటూ ఇటూ. మన తల వెంట్రుకే చాలామందికి అంతకన్నా లావు. ఎండను, వానను, పిట్టల రెట్టను కాసేది ఆ పొరే. గీతలు పడ్డా దాని మీదే పడతాయి. పాలిష్ పెడితే గీత పూడుతుందనుకుంటాం. కాంపౌండులో ఉండే సన్నటి రాపిడి పొడి ఒక్క గీతనూ పూడ్చదు. గీత అడుగెంత లోతుందో అంత దాకా చుట్టూ ఉన్న పొరను గీకి దించుతుంది. ఊళ్లో ఒక గొయ్యి ఉందని ఊరినంతా గొయ్యి లోతుకు తవ్వేసి, ఇప్పుడు గొయ్యి లేదు చూడండి అన్నట్టు.

ఇంతకీ ఆ గీతలు ఎవరు పెట్టారు? మా మట్టి ఎర్రమట్టి, గరుకు. రాత్రి కారు మీద పరుచుకుంటుంది. పొద్దున ఆరింటికి డ్యూటీకి వెళ్తూ బావ పాత బనీను తీసి, నీటిచుక్క తగలకుండా, ఆ దుమ్ముతోనే బానెట్టు మీద గుండ్రంగా తుడుస్తాడు. ఎండలో చూస్తే సాలెగూళ్లలా కనపడే గీతలన్నీ ఆ బనీను ముగ్గులే. సోమవారం నుంచి శనివారం దాకా వేస్తాడు, ఆదివారం మిషన్‌తో చెరుపుతాడు, మళ్లీ సోమవారం. ఒక బకెట్టు నీళ్లు ముందు పోసి ఆ తర్వాత తుడిస్తే ఈ వ్రతమే అక్కర్లేదు. కానీ బకెట్టుకు దండ వేసి ఫోటో తీసుకోలేం కదా.

మిషన్‌ను ఉత్తినే తిట్టను. రెండు జాతులున్నాయి. ఒకటి ఇరుసు మీద బొంగరంలా ఒకేచోట తిరిగేది. అది పని తెలిసిన చేతిలో ఉండాలి, రెండు క్షణాలు కదలకుండా ఆగితే వేడెక్కి పొరను తినేస్తుంది. రెండోది తిరుగుతూనే ఊగేది, కాస్త సాధువు. అది పట్టుకుని, మెత్తటి స్పాంజితో, ఏ రెండేళ్లకో ఒకసారి జాగ్రత్తగా చేసుకునేవాడితో నాకు తగవు లేదు. అలాంటివాడు మా పేటలో ఇంకా తారసపడలేదు, అంతే. మా వెనక లైన్లో ఒకాయన మిషన్ కొనడం దండగని రేకులు కోసే గ్రైండరుకే ఉన్ని ప్యాడ్ బిగించాడు. పాలిషింగ్ మిషన్ నిమిషానికి ఆరువందల నుంచి మూడు వేల చుట్లు తిరిగితే, గ్రైండరు పదకొండు వేలు తిరుగుతుంది. రెండో నిమిషంలో ప్యాడ్ ఎగిరి జామచెట్టెక్కింది. పక్కింటి బెంగాలీ దాదా గేటు మీద వాలి "ఖూబ్ భాలో!" అన్నాడు. అది కారును చూసి అన్నాడో, చెట్టును చూసి అన్నాడో ఈనాటికీ తేలలేదు.

నేనేదో గట్టు మీద కూర్చుని చెబుతున్నాననుకోకండి. ఒక ఆదివారం బావ దగ్గర ఆ మిషన్ అడిగి తెచ్చుకున్నవాణ్ణే. మొదటి పావుగంట స్వర్గం. రుద్దినచోట నా కారు బానెట్టులో వేపకొమ్మ ఆకులతో సహా కనపడింది. ఆ ఉషారులో మడత గీత దాకా వెళ్లాను. కాలిన ప్లాస్టిక్ వాసన సన్నగా వచ్చింది. ప్యాడ్ ఎత్తేసరికి బానెట్టు అంచున రూపాయి బిళ్లంత మేర మెరుపు చచ్చి, తడి సిమెంటు ఆరినట్టు బూడిదరంగు తేలింది. ఇంకొంచెం రుద్దితే మెరుస్తుందేమోనని ఇంకొంచెం రుద్దాను. బిళ్ల అరిసె అయింది.

మా వీధిలోనే ఒక పెద్దాయన ఉన్నారు. వర్క్‌షాప్‌లో బోగీలకు రంగులేసి రిటైరయ్యారు. పిలిస్తే వచ్చి, ఏమీ అనకుండా బొటనవేలు ఆ అంచు మీద అటూ ఇటూ నడిపించారు. "అంచుకాడ రంగు పలసగా ఉంటాది బాబూ. ఆడ మిషనెట్టకూడదు. బోగీకైనా అంచులు సేత్తోనే సేసీవోలం" అన్నారు. మరి మీరెప్పుడూ చెప్పలేదేం మావయ్యా అంటే, "మీరెవులూ అడగనేదు గదా. పోన్ల సూసుకుంటన్నారు" అన్నారు. ముప్పయ్యేళ్లు రంగు చేతిలో పట్టుకున్న మనిషి నాలుగిళ్ల అవతల వాకిట్లో కూర్చుని పేపరు చదువుకుంటుంటే, ఎక్కడో గదిలో దీపాలు పెట్టుకున్న కుర్రాడి కాళ్ల దగ్గర కూర్చున్నాం. పెయింటింగ్ షెడ్డువాడు ఆ అరిసె చూసి, మెటాలిక్ రంగులో ముక్కకు ముక్క అతకదు, బానెట్టంతా వెయ్యాల్సిందే అన్నాడు. చెప్పిన ధరకు అలాంటి మిషన్లు రెండొస్తాయి.

బావ ఇదంతా విని బెదరలేదు. అరిగినదాని మీద సెరామిక్ కోటింగ్ పూసుకుంటే సరిపోతుందట, 9హెచ్ గట్టిదనమట. ఆ తొమ్మిది వజ్రం పక్క పీటేనని ఆయన లెక్క. అది పెన్సిళ్ల లెక్క. హెచ్‌బీ, 2హెచ్ అని బడిలో కొనేవాళ్లం చూడండి, ఆ వరసలో 9హెచ్ పెన్సిలుతో గీసినా గీత పడదని దాని తాత్పర్యం. పిల్లలెవరైనా పెన్సిలు పట్టుకుని కారు మీదకొస్తే బావకు ఢోకా లేదు. మేకుతో వస్తే మాత్రం దేవుడే దిక్కు.

ఆ దేవుడు కూడా వచ్చాడు. మొన్న బావ బానెట్టు అంచున బాలాజీ స్టిక్కర్ కొత్తగా వెలిసింది. "గుడికెల్తే కొన్నాన్రా, బావుందని" అన్నాడు. బానెట్టు మీద అంత జాగా ఉండగా స్వామి మూలకెందుకు ఒదిగాడని నేను అడగలేదు. నా కారు మీదా అదే మూల, అదే స్టిక్కర్. నిన్న సాయంత్రం గేటు దాకా నడిచి వస్తుంటే వెనక లైన్లో ఇంకో మూడు కనపడ్డాయి. గ్రైండరాయన కారుకైతే రెండు వైపులా ఉన్నాయి.

మిషన్ ఇప్పుడు మలంచ వైపు ఎవరింటికో వెళ్లిందట. ఆదివారానికి వచ్చేస్తుంది.